వైద్యుని విశ్రాంతికి బాధ్యులెవరు?



నిర్గమకాండము 18వ అధ్యాయములో ఒక మామగారు అల్లుని చూడవచ్చిన సంగతి ఉన్నది. మామ యిత్రో, అల్లుడు మోషే. మరునాడు యిత్రో చూచినదేమనగా, అల్లుడు పొద్దుపొడుపు మొదలు పొద్దుగూకువరకు ఒక్కడే కూర్చుండి జనుల తగవులు వినుచున్నాడు. జనులు గుంపులుగా నిలిచి తమ వంతుకొరకు కాచుకొనియున్నారు. మనమైతే ఎంత గొప్ప సేవయని మెచ్చుకొని సన్మానము కూడ చేసియుందుము. యిత్రో మెచ్చుకొనలేదు. ఈ పద్ధతి మంచిది కాదని అల్లుని ముఖము మీదనే చెప్పెను. ఇట్లయినచో నీవును కూలుదువు, నీ కొరకు నిలిచియున్న వీరును అలసి చెడుదురని చెప్పెను. సేవ చేయువాడు నలిగినచో సేవ పొందువాడు కూడ నలుగునన్న మాట ఆ అన్యదేశపు యాజకుని నోట వచ్చినది. మోషే దానిని దేవుని ఆలోచనగా తీసికొని, చెప్పినట్లు చేసెను.

ఈ నెల ఈ అధ్యాయమును మీ ముందు పెట్టుటకు కారణము మన వరంగల్ పెద్ద దవాఖాన. పట్టణమువారు ఎం.జి.ఎం. అందురు, మన ఊళ్లలో పెద్ద దవాఖాన అన్నచో చాలును. వరంగల్, హనుమకొండలనుండియే గాక ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ ప్రాంతములనుండియు, గోదావరి అవతలి అడవి పల్లెలనుండియు రోగులు అక్కడికి వచ్చుచుందురు. ఆ ఆసుపత్రిలోనే కాకతీయ వైద్య కళాశాల విద్యార్థులు రోగుల ప్రక్కన నిలిచి పని నేర్చుకొందురు. ఆ కళాశాల 1959లో స్థాపింపబడినది.

అర్ధరాత్రి రెండు గంటలకు 108 బండి మన మనిషిని అక్కడ దింపినప్పుడు ఎదురుగా వచ్చు తెల్లకోటు ఎవరిదో మనలో చాలమందికి తెలియదు. పెద్ద డాక్టరనుకొని చేతులు జోడింతుము. ఆ వచ్చినది సాధారణముగా ముప్పది యేండ్లు నిండని పిల్లవాడు, లేక ఆడపిల్ల. నాలుగున్నర సంవత్సరములు ఎం.బి.బి.ఎస్. చదివి, ఒక సంవత్సరము ఆసుపత్రిలో పని నేర్చువారిని హౌస్ సర్జనులందురు. ఆ తరువాత ఏదో ఒక శాఖలో మూడు సంవత్సరములు పై చదువు చదువువారు పి.జి.లు. పత్రికలవారు అందరిని కలిపి జూడాలని వ్రాయుదురు. వీరు విద్యార్థులే, కాని రాత్రివేళ బోధనాసుపత్రి చాలవరకు వీరి చేతుల మీదనే నడుచును. సూది వేయునది, కుట్లు వేయునది, రక్తము తెప్పించునది, చనిపోయిన సంగతి కుటుంబమునకు చెప్పునది వీరే.

వీరెంతసేపు పనిచేయుదురో వినుడి. ఉదయము వార్డులో అడుగుపెట్టినవారు ఆ పగలు, ఆ రాత్రి, మరునాటి పగలు కూడ పనిచేసి సాయంకాలమునకు గది చేరుట మన దేశపు అనేక బోధనాసుపత్రులలో వాడుకగా వచ్చినది. దీనిని ముప్పదియారు గంటల డ్యూటీ అని వారు చాల మామూలుగా చెప్పుకొందురు. నియమము లేక ఇట్లు జరుగుచున్నదా? నియమమున్నది. రెసిడెంటు డాక్టర్లకు ఒక్కసారిగా పండ్రెండు గంటలకు మించి పని ఉండరాదని, వారమునకు సాధారణముగా 48 గంటలు చాలునని, వంతులవారీగా వారమునకొక సెలవు ఇయ్యవలెనని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1992లోనే వ్రాసిపెట్టినది. 2023లో జాతీయ వైద్య కమిషను పి.జి. విద్యకు క్రొత్త నిబంధనలు చేసినప్పుడు గంటల లెక్క చెప్పక, పనివేళలు సబబుగా ఉండవలెననియు విశ్రాంతికి తగిన సమయమియ్యవలెననియు మాత్రము వ్రాసినది. 2024లో ఆ కమిషను నియమించిన కార్యదళము వారమునకు 74 గంటలు మించరాదని సిఫారసు చేసినది. చదువరులారా, 48ని 74 ప్రక్కన పెట్టి చూడుడి. ముప్పది రెండేండ్ల తరువాత దయతో ఇచ్చిన సలహా, పాత నియమముకంటె ఇరువదియారు గంటలు ఎక్కువ. అంతకుమించి చేయించుట ఎంత మామూలైనదో ఆ లెక్కయే చెప్పుచున్నది.

ఆ కార్యదళము దేశమంతట వైద్య విద్యార్థులను ప్రశ్నలడిగెను. జవాబిచ్చిన పి.జి. విద్యార్థులు 5,337 మంది. వారిలో నూటికి ముప్పది యొకరు తమకు చచ్చిపోవలెనను తలంపు వచ్చినదని చెప్పిరి. ఇష్టపడి జవాబిచ్చినవారి లెక్క గనుక దానిని విద్యార్థులందరికిని అట్లే వర్తింపజేయరాదు. అయినను ముగ్గురిలో ఒకరికి కొంచెము తక్కువ. మన ప్రాణము కాపాడుటకు కూర్చున్నవారి మాట ఇది.

మన వరంగల్‌లో ఇది లెక్కగా గాక కన్నీరుగా వచ్చినది. 2023 ఫిబ్రవరిలో కాకతీయ వైద్య కళాశాలలో మత్తువైద్యము చదువుచుండిన ఒక పి.జి. విద్యార్థిని డ్యూటీలో ఉండగా అపస్మారక స్థితిలో కనబడెను. హైదరాబాదు నిమ్స్‌లో కొన్ని దినములు చికిత్స జరిగినను బ్రదుకలేదు. పై సంవత్సరపు విద్యార్థి వేధించెనని ఆమె ఇంటివారు ఫిర్యాదు చేసిరి, పోలీసులు కేసు పెట్టిరి. దోషమెవరిదో తేల్చుట న్యాయస్థానపు పనిగాని సంఘపత్రిక పని కాదు. ఆ బిడ్డ పేరును నేనిక్కడ వ్రాయను. మరుసటి సంవత్సరము ఆగస్టులో కలకత్తాలో రాత్రి డ్యూటీలో నున్న మరియొక విద్యార్థిని కొంచెము నడుము వాల్చుటకు సెమినారు హాలులోనికి వెళ్లి, అక్కడ హత్యచేయబడెను. మొదటిదానికిని దీనికిని సంబంధము లేదు. ఒక్కటి మాత్రము అడుగుదును. వందలకొలది మంచములున్న ఇంటిలో, ఆ మంచములను కాయువానికి తలుపు గడియ వేసికొని పండుకొను చోటు లేకపోవుట ఎట్టి ఇల్లు?

ఇప్పుడు నా ప్రశ్న. కనికరమే వృత్తిగా గలవాడు, రోగి యింకను మూలుగుచుండగా లేచిపోయి నిద్రించుట న్యాయమా? న్యాయమే అయినచో ఆ విశ్రాంతి అతడు కష్టపడి సంపాదించుకొనవలసినదా, లేక మరియెవరైనను అతనికి బాకీపడియున్నారా?

ముందు జబ్బేమిటో తెలిసికొందము. ఇంగ్లీషువారు దీనికి బర్నవుట్ అని పేరు పెట్టిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగా గాక, పనిచోట చక్కబడక నిలిచిపోయిన ఒత్తిడివలన కలుగు స్థితిగా వర్ణించినది. దీని గురుతులు మూడు. ఒంటిలో సత్తువ ఉడిగిపోవును. పనిమీదను మనుషులమీదను మనసు విరిగి దూరమగును. నేను చేయునదేదియు పనికిరాదను తలంపు స్థిరపడును. మన ఇండ్లలో అందరికి తెలిసిన సంగతియే. ప్రమిదలో చమురున్నంతవరకు వత్తి వెలుగునేగాని త్వరగా కాలిపోదు. చమురు ఇంకినప్పుడు వత్తియే కాలుట మొదలుపెట్టును. వెలుగు తగ్గును, పొగయు కమురు వాసనయు లేచును. దీపము చెడ్డదని ఎవరును దానిని కొట్టరు, చమురు పోయుదురు. వైద్యుని విషయములో మాత్రము పొగ చూచి తిట్టుదుము. "ఆ డాక్టరమ్మ కసురుకొన్నది, మొగము కూడ చూడలేదు, పదునాలుగవ మంచము అని పిలిచింది" అని ఊరికి వచ్చి చెప్పుకొందుము. కసరుట తప్పుకాదని నేననను. ముప్పదవ గంటలో నున్న మనిషికి పేరు మరచిపోయి మంచపు అంకె మాత్రమే మిగులునని మీరెరుగవలెను.

ఇది కసురుటతో పోదు. 1997లో డాసన్, రీడ్ అను ఇద్దరు పరిశోధకులు కొందరిని నిద్రపోనీయక పరీక్షించి, వారి చేతి నేర్పును మద్యము త్రాగినవారి నేర్పుతో పోల్చి చూచిరి. పదునేడు గంటలు మేలుకొన్నవారు, అనేక దేశములలో బండి నడుపరాదని చట్టము చెప్పునంత మద్యము త్రాగినవారితో సమానమైరి. ఇరువదినాలుగు గంటలైనప్పుడు అంతకు రెండింతలు త్రాగినవానివలెనైరి. 2004లో బోస్టన్ నగరపు ఆసుపత్రిలో ఇరువదినాలుగు గంటలు దాటు డ్యూటీలు చేసిన క్రొత్త డాక్టర్లు, తక్కువ గంటలు చేసినప్పటికంటె నూటికి ముప్పదియారు వంతులు ఎక్కువగా పెద్ద పొరపాట్లు చేసినట్లు లెక్క తేలినది. మందు కొలత తప్పుట, రోగలక్షణము చూచియు గుర్తింపకపోవుట, ఇట్టివి. త్రాగిన డ్రైవరు నడుపు ములుగు బస్సులో మనము బిడ్డలను ఎక్కింపము. నిద్రలేనివాని చేతికి సూది ఇచ్చి బిడ్డ చేయి చాపుదుము. యిత్రో చెప్పినది ఇదే గదా, నీవును కూలుదువు, వీరును చెడుదురని.

ఇంత కీడున్నను ఈ వాడుక ఏల నిలిచియున్నది? దీని పుట్టుక వెదకినచో అమెరికాలోని బాల్టిమోరు చేరుదుము. అక్కడ 1889లో తెరచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అను గొప్ప శస్త్రవైద్యుడు, తన శిష్యులు ఆసుపత్రిలోనే కాపురముండి రాత్రింబవళ్లు పనిచేయవలెనను పద్ధతి పెట్టెను. రెసిడెంటు అను మాటకు అర్థమదే, అక్కడ నివసించువాడని. ఆ పద్ధతివలన మంచి శస్త్రవైద్యులు తయారైరి, అది కాదనరాదు. కాని ఆ గురువు కొకెయిను అను మత్తుమందుకును పిదప మార్ఫియాకును దాసుడైయుండెనని తరువాతి చరిత్రకారులు వ్రాసిరి. ఆయనను నిందించుట నా ఉద్దేశము కాదు, పాపము, ఆ మందును శస్త్రచికిత్సకు పరీక్షించుచు తన మీదనే ప్రయోగించుకొని ఆ ఉచ్చులో పడెను. అట్టివాని దినచర్య ప్రపంచమునకు కొలబద్దయై కూర్చుండుట వింత. ఇక మన దేశములో దానిని నిలబెట్టునది మరియొకటి. "మేము పడలేదా? మీరును పడుడి." కోడలుగా పడిన బాధనంతయు అత్తయైన తరువాత కోడలిమీద తీర్చుకొను ఇంటి న్యాయమిది. అది ఆసుపత్రిలో గురువునుండి శిష్యునికి, పై తరగతినుండి క్రింది తరగతికి దిగుచున్నది.

ఇప్పుడు ధర్మశాస్త్రము దగ్గరకు వత్తము. విశ్రాంతిదినపు ఆజ్ఞను ఆదివారము బడిలో అందరము వల్లించితిమి. అది ఎవరితో చెప్పబడినదో గమనించినవారు తక్కువ. ద్వితీయోపదేశకాండము 5:14 తీసి చదువుడి. అక్కడ ఆజ్ఞ పొందినవాడు ఇంటి యజమానుడు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, గుమ్మములోపలి పరదేశి, వీరందరి విశ్రాంతి అతని మీద మోపబడినది. దాసుడు తనంతట తాను విశ్రాంతి తీసికొనవలెనని దేవుడు దాసునితో చెప్పలేదు. అట్లు చెప్పినను లాభము లేదు, పని ఆపు అధికారము దాసుని చేతిలో లేదు గదా. అధికారమున్నవానికే ఆజ్ఞ వచ్చినది. ఆ తరువాతి వచనములో కారణము కూడ ఉన్నది. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసికొమ్మని దేవుడు చెప్పుచున్నాడు.

మన సంఘములకు ఐగుప్తు దూరదేశము కాదు. నిజాము ప్రభుత్వపు దినములలో ఈ తెలంగాణ పల్లెలలో దేశముఖుల గడీలకు వెట్టి చేసినది ఎవరు? మన తాతలు, ముత్తాతలు. అర్ధరాత్రి పిలుపు వచ్చినను లేవవలెను, జ్వరమున్నను పోవలెను, కూలి అడుగరాదు, ఎప్పుడు విడుతురని అడుగరాదు. 1946 మొదలు 1951 వరకు ఈ నేలమీద జరిగిన పోరాటమునకు వెట్టి ఒక ముఖ్య కారణము. ఆ కథలు మన ముసలివారు చెప్పగా విన్నవారము. గనుక విశ్రాంతి లేని చాకిరి అనగా ఏమిటో ఇతరులకంటె మనకు ఎక్కువ తెలియవలెను. దేవుడు ఇశ్రాయేలీయులకు ఆ జ్ఞాపకమును బాధపడుటకు గాక, ఇంకొకరిని అట్లు చేయకుండుటకే ఇచ్చెను.

మీలో కొందరు ఇక్కడ నన్ను ఆపుదురు. "అయ్యగారూ, డాక్టరు ఎక్కడ, వెట్టివాడు ఎక్కడ? రేపు మేడలు కట్టుదురు, కార్లలో తిరుగుదురు. ఎండలో నాటు వేయు మా ఆడవాండ్ల నడుము నొప్పి గురించి ఎవరు వ్రాయుచున్నారు?" న్యాయమైన మాట. వెట్టికిని దీనికిని పోలిక అన్ని విధముల సరిపోదు. వీరికి స్టైపెండు ఉన్నది, అది కొన్ని నెలలు ఆలస్యమై సమ్మెలకు దిగిన సందర్భములున్నను ఉన్నది. ముందు మంచి దినములు రావచ్చును. కాని రేపటి కారు ఈ రాత్రి నిద్రకు బదులు కాదు. నాటు వేయు తల్లి విశ్రాంతిని కోరుటకు డాక్టరు విశ్రాంతి అడ్డము కాదు, ఆజ్ఞలో దాసి పేరును, ఎద్దు పేరును, పరదేశి పేరును ఒకే వాక్యములో ఉన్నవి. అదే వార్డులో రాత్రంతయు తిరుగు నర్సమ్మయు, నెత్తురు తుడుచు పారిశుద్ధ్యపు కూలి మనిషియు ఆ వాక్యములోనివారే. ఇంకొక సంగతి. నేడు ఆ తెల్లకోటు వేసికొన్నవారిలో మన పల్లెల బిడ్డలున్నారు. భూమి తాకట్టు పెట్టి చదివించిన తండ్రులున్నారు. ఆ పిల్లలు మేడవారి పిల్లలవలె "నావల్ల కాదు" అని తిరిగి రాలేరు, ఎందుకనగా వారి వెనుక ఊరంతయు చూచుచున్నది.

రెండవ అడ్డు ఇంతకంటె బరువైనది. రోగమునకు ఆదివారము లేదు. యేసు ప్రభువు విశ్రాంతిదినముననే స్వస్థపరచెను, వద్దన్న సమాజమందిరపు అధికారిని గద్దించెను (లూకా 13:10–17). అయినచో వైద్యుడు విశ్రాంతి యడుగుట ఆ అధికారి పక్షమున నిలుచుట కాదా? నేను దీనిని చాల దినములు ఆలోచించితిని. ప్రభువు గద్దించినది విశ్రాంతిని కాదు. పదునెనిమిది ఏండ్లు కట్టబడియున్న స్త్రీని విడిపించుటయే విశ్రాంతిదినపు పనియని చూపెను, ఆమెకు అది విడుదల. విడిపించు దినమున మరియొకరిని కట్టివేయుమని ఆయన చెప్పలేదు.

లూకా వ్రాసిన మరియొక చోటు చూడుడి. లూకా వైద్యుడని కొలొస్సయులకు వ్రాసిన పత్రికవలన మనకు తెలియును, ఇట్టివి అతని కంటికి ఆనును. 5వ అధ్యాయము 15, 16 వచనములలో బహు జనసమూహములు స్వస్థత కొరకు కూడివచ్చుచుండగా ప్రభువు అరణ్యములోనికి తొలగిపోయి ప్రార్థించుచుండెనని అతడు వ్రాసెను. మనము ఈ మాటను వేగముగా చదివి దాటిపోవుదుము. ఆగి ఆలోచింపుడి. ఆ దినమున కుంటివాడొకడు బంధువుల భుజములమీద వచ్చి, ఆయన లేడని విని తిరిగి పోయియుండవచ్చును. మార్కు మొదటి అధ్యాయములో కూడ, అందరును నిన్ను వెదకుచున్నారని పేతురు వచ్చి చెప్పినప్పుడు ప్రభువు తిరిగి ఆ వాకిటికి రాలేదు, వేరే ఊరికి పోదమనెను. సర్వశక్తిగలవాడు, మన శరీరము ధరించినందున, తన చేతికి హద్దు పెట్టుకొనెను. దోనెలో తుపానులో తలగడమీద నిద్రపోయెను. మన ప్రాంతమున వైద్యుని దేవుడని పిలుచుట కలదు. పిలుచువారి కృతజ్ఞత మంచిదేకాని, దేవుడన్న తరువాత అలసటను ఒప్పుకొనము. మనుష్యకుమారుడే అలసి నిద్రించినప్పుడు హౌస్ సర్జను అలసిపోరాదనుట ఏమి న్యాయము?

అయినను మార్కు 6వ అధ్యాయములో శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేనందున ఆయన వారిని ఏకాంతముగా తీసికొనిపోవుచుండగా, జనులు ఒడ్డువెంట పరుగెత్తి ముందే చేరిరి. ఆయన విసుగుకొనక వారిమీద కనికరపడెను. విశ్రాంతి చెడినది. ఇది కూడ వ్రాయబడియున్నది గనుక దాచను. బస్సు బోల్తాపడి నలుబదిమంది వచ్చిన రాత్రి ఏ వైద్యుడును గడియారము చూడరాదు, చూడరు కూడ. ఆపద వేరు, అలవాటు వేరు. ప్రతి రాత్రియు ఆపదయే అయినచో అది ఆపద కాదు, మనుషులు చాలక పోవుటయే, దానికి జవాబు చెప్పవలసినవారు వేరేయున్నారు.

ఈ మధ్య వైద్య విద్యార్థులకు యోగా తరగతులు, ధ్యానపు తరగతులు, మనోబలము పెంచుకొనుటకు ఉపన్యాసములు ఏర్పాటు చేయుట ఆచారమైనది. కొందరికి మేలు కలుగును, వద్దనను. కాని ముప్పదియారు గంటలు నిలబెట్టి, ముప్పదియేడవ గంటలో ఓర్పుమీద ఉపన్యాసము వినిపించినచో, ఆజ్ఞను యజమానుని మీదనుండి తీసి దాసుని మీద పెట్టినట్లగును. సంఖ్యాకాండము 11లో మోషే ఈ జనుల భారము మోయలేను, నన్ను చంపివేయుమని మొరపెట్టినప్పుడు దేవుడు ఆయనకు ఓర్పు పాఠము చెప్పలేదు. డెబ్బదిమంది పెద్దలనిచ్చి భారమును పంచెను.

మన మిషనులు ఈ సంగతి తెలిసికొని నడుచుకొన్నవి. తొలి మిషనరీలనేకులు ఎండకును జ్వరములకును చనిపోగా, కొన్ని సంవత్సరములకొకసారి స్వదేశమునకు సెలవును, ఎండకాలములో కొండలమీద విశ్రాంతియు నియమముగా పెట్టిరి. వేలూరు వైద్య కళాశాలను స్థాపించిన ఐడా స్కడ్డరు దొరసానికి కోడైకెనాలు కొండమీద ఇల్లుండెను. ఆమె 1870లో పుట్టి 1960 వరకు జీవించెను. కొండకు పోయినందున ఆమె రోగులను తక్కువ ప్రేమించెనని ఎవరును అనలేదు. అయితే ఆ కొండమీది బంగళాలు దొరలకును దొరసానులకునుగాని, క్రిందనుండి ఆసుపత్రి నడిపిన తెలుగు కంపౌండరులకును నర్సులకును కాదు. ఈ మాట కూడ చరిత్రలో ఒక మూలనుండవలెను.

ఇక మన చేతిలో ఉన్నదేమి? ప్రభుత్వము డాక్టర్లను నియమింపవలెను, ప్రొఫెసర్లు గంటల నియమము పాటింపవలెను. ఇవి మనము అడుగవలసినవి, మన ఓట్లకొరకు వచ్చినవారిని అడుగుడి. కాని ఆ వాకిట నిలిచి పని చేయించుకొనువారము మనమే గనుక యజమానుని ఆజ్ఞలో కొంత మనకును తగులును. యిత్రో ఉపాయము చిన్న సంగతులు చిన్న న్యాయాధిపతుల వద్దనే తీరవలెననుట. మూడు దినముల దగ్గుకు, మామూలు జ్వరమునకు ముందు మన సబ్ సెంటరు నర్సమ్మను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును చూపుడి. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామలోను భూపాలపల్లిలోను 2023లోను, ములుగులో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. అన్నిటికి వరంగల్ పరుగెత్తనక్కరలేదు. పాము కరచినను, గుండె నొప్పి వచ్చినను, కాన్పు కష్టమైనను ఒక్క నిమిషము ఆలస్యము చేయవద్దు, అప్పుడు 108కే చెప్పుడి. రోగి వెంట ఒకరిద్దరు పోవుడి, ట్రాక్టరు నిండ పోవద్దు. మన మనిషి చనిపోయినప్పుడు ఆ దుఃఖములో డాక్టరుమీద చేయి చేసికొనుట కొన్ని చోట్ల జరుగుచున్నది. దానికి 2008లోనే ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినదనగా మనకు సిగ్గు. ఆ దెబ్బ తినునది నిర్ణయము చేసిన పెద్దవాడు కాదు, రాత్రంతయు ఆ ప్రాణము కొరకు పెనుగులాడిన పిల్లవాడు.

చివరకు మన యింటి పిల్లల మాట. చదువు మధ్యలో అలసి ఇంటికి వచ్చిన బిడ్డను "వదిలి వచ్చినావా, ఊరిలో తలెట్లెత్తుకొందుము" అని అడుగువారున్నారు. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో ఎపఫ్రొదితు అను ఒకడున్నాడు. సేవచేయుచు చావునకు సిద్ధమైనంత జబ్బుపడెను, ఇంటిమీద బెంగపెట్టుకొనెను. పౌలు అతనిని పిరికివాడనక స్వగ్రామమునకు పంపుచు, సంతోషముతో చేర్చుకొనుడి, ఘనపరచుడి అని చీటి వ్రాసి యిచ్చెను. చచ్చిపోవలెనని చెట్టుక్రింద పడుకొన్న ఏలీయాను (1 రాజులు 19) దేవదూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును పెట్టి, మరల నిద్రపోనిచ్చి, మరల లేపి పెట్టెను. దేవుడు మాటలాడినది ఆ తరువాతనే. బిడ్డ చచ్చిపోవలెననిపించుచున్నదని చెప్పినచో విశ్వాసము తక్కువని తిట్టక, ఆ రాత్రి ఒంటరిగా విడువక, ప్రక్కన కూర్చుండుడి. 14416 అను టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, డబ్బు తీసికొనరు, తెలుగులోనే మాటలాడుదురు. ప్రార్థన చేయుడి, వైద్యుని వద్దకు కూడ తీసికొనిపోవుడి. రెండింటికి వైరము లేదు.

మన సంఘములలో పెద్దలు కొందరు, వైద్యము చదువు పిల్లలు ఆదివారము ఆరాధనకు కనబడలేదని నాతో ఫిర్యాదు చేయుచుందురు. శనివారము ఉదయము డ్యూటీ ఎక్కి ఆదివారము పగలు దిగిన బిడ్డ గదిలో నిద్రించుచున్నచో ఆ బిడ్డ విశ్రాంతిదినమును ఆచరించుచున్నదని నేను వారికి చెప్పుచున్నాను. తలుపు తట్టవద్దు. వరంగల్‌లో చదువుచున్న మన ప్రాంతపు పిల్లలెవరెవరో ప్రతి సంఘపు కార్యదర్శియు ఒక కాగితము మీద వ్రాసి ఉంచినచో, ఆ వైపు పని మీద పోవువారు హాస్టలులో ఒక గిన్నె కూరయు, నాలుగు జొన్నరొట్టెలును ఇచ్చి రావచ్చును. ఇచ్చునప్పుడు మార్కులు ఎన్ని వచ్చినవని అడుగకుడి.